కాటా పుస్తకం

మొదటి పేజీలో తేమ మరక, దాని కింద తేదీ:
యాభై తొమ్మిది, రథసప్తమి మర్నాడు.
కొరువాడపాలెం ఎలిమెంటరీ స్కూలు అరుగు మీద
నాలుగు బెంచీలు, ఒక అరువు కాటా,
భీమిలి నుంచి సైకిలు తొక్కుకొచ్చిన
గ్రామసేవక్ పురుషోత్తం గారు.
పంటల పోటీకి వచ్చినవి పదకొండు.
అందులో ఒకటి మేక.
"పంట కాదు" అని రాసి
పక్కనే "అయినా బాగుంది" అని రాశారాయన.

మొదటి బహుమతి పార.
రెండోదీ పారే, కాకపోతే కర్ర లేనిది.

ఈ పుస్తకం నాకు మూడు చేతులు మారి వచ్చింది.
దస్తూరీ మారిన చోటల్లా
ఎవరో పోయారని అర్థం.

అరవై ఎనిమిది. గుమ్మడి. మజ్జి సన్నాసప్పడు.
ముప్పయి ఒక్క కేజీలు. దాని మీద అడ్డగీత.
తొడిమ పక్కన బెజ్జం పెట్టి, నీళ్లు నింపి
మైనంతో మూశాడట మా తాత.
పదకొండు గంటల ఎండకి మైనం కరిగి
కాయ కాస్తా ఆఫీసరు గారి బూట్ల మీద
ఒంటేలు పోసిందని ఊరు ఇప్పటికీ నవ్వుతుంది.
గుమ్మడికాయల దొంగెవడంటే
మా ఇంట్లో ఈనాటికీ ఎవరమూ భుజాలు తడుముకోం,
తడిమి చూపించడానికి ఊరుంది.
మూడేళ్లు పోటీకి రానివ్వలేదు.
నాలుగో ఏడు కాటా తీసి ఆయన చేతిలోనే పెట్టారు:
"మోసాలన్నీ తెలిసినోడు, ఇంకెవుడు పట్టగలడు బావూ!"
పట్టాడు, ముప్పయ్యేళ్లు.

వంకాయ వరసలో పద్నాలుగేళ్లూ ఒకటే పేరు, బోర అప్పలకొండ.
పదిహేనో ఏడూ ఆయనే,
చచ్చిపోయిన తొమ్మిది నెలలకి.
రాసే ఆయన కలం ఆపి తలెత్తాడట.
పెంటమ్మ బుట్ట దింపి అందట:
"బతికున్నప్పుడు మాత్రం ఆడేనేటి పెంచినాడు?
ఇత్తు దాసింది నాను. నీరు మోసింది నాను.
పేరే ఆడికి అలాగ అంటుకుండిపోనాది."
అక్కడ కొట్టివేత లేదు.
పక్కన వేరే రంగు సిరాతో, కొంచెం పెద్దగా: పెంటమ్మ.
ఆ ఏటి నుంచి ఆడపేర్లు
ఎవరూ జల్లకుండానే మొలిచే తోటకూరలా.

హుద్‌హుద్ గాలికి బడి రేకులు
గోస్తని ఇసకలో దొరికాయి.
జీడితోటలు నేలకి పడుకున్నాయి.
ఆ మాఘంలో ఏం ప్రదర్శనమ్మా, సిగ్గులేకపోతే, అన్నారు.
టార్పాలిన్ కట్టి బల్లలు వేశాం.
వచ్చినవన్నీ గాలి చేతికి అందనివే:
చేమ, కంద, చిలగడదుంప,
గుప్పెడు పసుపు కొమ్ములు.
మట్టి వదలకపోతే కడక్కుండానే తూచాం.

తరవాతి పేజీలు పలచన.
గంటెలు, రాలేదు. గోగునార, రాలేదు. చోళ్లు, రాలేదు.
సరుగుడు తోటకి కాటా ఏం వేస్తాం?
పోయినేడు బహుమతులు లేఅవుటు వాళ్లిచ్చారు,
గోడ గడియారాలు. వాటి మీద బొమ్మ
మా పడమటి చోడి చేనుదే.
చేను లేదు బొమ్మలో, గేటుంది.

అయినా ఏటా చోళ్ల చీటీ రాస్తాను.
ఖాళీ పళ్లెం ముందు నిలబెడతాను.
పిల్లలు వంగి చూసి
చీమలేమైనా ఉన్నాయా అని వెతుకుతారు.

ఈ ఏడు ఆ పళ్లెంలో ఆరు వెన్నులు.
తెచ్చింది లేఅవుటు వాచ్‌మన్ పాంగి సోమన్న,
పాడేరు పై మనిషి.
నూట పద్నాలుగో ప్లాటు హద్దురాయి పక్కన
వాడిన నీళ్లు పోసి పెంచాడట.
ఊరోడు కాదు కదా, అన్నారు వెనక నుంచి.
మొదటి పేజీ తిప్పి చూపించాను:
మేకనే రాసుకున్నాం.

కాటా మీద పెడితే ముల్లు కదల్లేదు.
"తూకం: ముల్లు కదల్లేదు" అని రాశాను.
గడియారం ఇవ్వబోతే వద్దన్నాడు.
టైము చూడ్డానికి సెల్లుంది గానీ
పారేమైనా ఉంటే ఇవ్వమన్నాడు.

బడి అటక మీద వెతికితే ఒకటి దొరికింది,
కర్ర లేనిది.